గొడుగు ఊచల రైలుదారి

ఆశ్రిత గీసిన రైలుకు స్టీరింగ్ ఉంది.

రెండో తరగతి డ్రాయింగ్ పుస్తకంలో నాలుగు బస్సుల్ని ఒకదాని వెనక ఒకటి తాళ్లతో కట్టి, ముందు బస్సు డ్రైవర్ చేతికి గుండ్రటి స్టీరింగ్ ఇచ్చి, చివరి బస్సు మెట్టు మీద నోట్లో విజిల్ పెట్టుకున్న కండక్టర్ని వేలాడదీసింది. పైన ఆకుపచ్చ పెన్సిల్‌తో ‘రైలు’ అని రాసింది. టీచరమ్మ పదికి ఎనిమిది మార్కులు వేసింది.

తల్లి ప్రసూనకు తల తిరిగిపోయింది. రెండు మార్కులు తగ్గినందుకు కాదు, ఎనిమిది పడినందుకు.

ప్రసూన రైల్వేలో పుట్టిన మనిషి. వాళ్ల నాయన ఓబన్న గార్లదిన్నె అవతల ఒక చిన్న స్టేషన్‌లో పాయింట్స్‌మన్, బళ్లను లైను మార్చే ఉద్యోగం. స్టేషన్ పక్కన రెండు గదుల క్వార్టర్‌లో పెరిగిన ప్రసూన, గూడ్సు నిండుగా పోతోందా ఖాళీగా పోతోందా అన్నది పడుకున్న చోటి నుంచి చెవితోనే చెప్పేసేది. అలాంటిది, పెళ్లయి మడకశిరకు వచ్చింది. మడకశిరకు రైలు లేదు. ఎలక్షన్ల ముందు మైకుల్లో వస్తుంది, ఓట్లు లెక్కపెట్టాక వెనక్కి పోతుంది. ఎనిమిదేళ్లలో ఆ రైలు రెండుసార్లు వచ్చి పోయింది.

ఆ బొమ్మ ఇంటికొచ్చిన రోజే ఓబన్న కార్డు కూడా వచ్చింది. ‘ఈ నెలాఖరుకు రిటైర్ అవుతాండాను. సెలవులకు నేనే వచ్చి ఆశ్రితను తీసుకపోతాను. హిందూపురం నుంచి రైల్లో. పిల్లకు ఏడేండ్లు నిండె, ఇంతవరకు రైలెక్కలేదంటే నలుగురిలో నాకు తలవంపుగా ఉండాది.’

ఆ మాట నిజమే. పుట్టింటికి పోవాలంటే ప్రసూన హిందూపురంలో ఒకటి, అనంతపురంలో ఒకటి బస్సులు మారేది గానీ కూతుర్ని పట్టాల దరిదాపులకు రానిచ్చేది కాదు. ఆమె భయాలు ఆమెకున్నాయి. మామిడి టెంక గొంతుకు అడ్డం పడుతుందని భయం. పొలాల్లో మూత వేయని బోరు గుంతలంటే భయం. తిరిగే ఫ్యాను ఊడిపడుతుందని, మంచం ఎప్పుడూ దానికి ఒక బారెడు పక్కకు వేసేది. అన్నింటికన్నా పెద్దది పట్టాల భయం. తొమ్మిదేళ్లప్పుడు ఆమె పెంచిన మేక ఒకటి గూడ్సు కింద పడింది. దాని పేరు ఇప్పటికీ ఎవరికీ చెప్పదు.

“మీ నాయన తీసుకపోతానంటే ఏంటికే అట్ల మొగం పెడ్తావు?” అంది అత్త బయమ్మ. ఆమె వాకిట్లో చాటలో చెనక్కాయలు ఒలుస్తోంది.

“మొగం కాదత్తా. పిల్లకు పట్టా అంటే తెల్దు, సిగ్నలంటే తెల్దు. బండి నిలబడకముందే దిగితేనో? స్టీరింగ్ గీసింది సూడు!”

“తెల్దంటే నేర్పు.”

“ఈడ నేర్పేకి రైలు యాడుండాది?”

అరుగు మీద ఎవరిదో రేడియో పొట్ట విప్పి కూర్చున్న దివాకర్ తల ఎత్తకుండానే అన్నాడు. “ఉండకపోతే ఏం? చేస్తాం.”

బస్టాండు సందులో దివాకర్‌కు రేడియో, టేపురికార్డర్ల రిపేరు అంగడి ఉంది. నోటికొచ్చిన మాట అనేసి మళ్లీ సాల్డరింగ్‌లో పడిపోయాడు. కానీ పెళ్లాం రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని తననే చూస్తోందని అర్థమయ్యేసరికి ఆలస్యమైపోయింది.

“చేస్తావా?”

“ఊరికే అన్నాలే...”

“నాయన వచ్చేలోగా చేయల్ల. పిల్ల అంతా నేర్చుకుంటేనే పంపిస్తా. లేకుంటే పంపను. మా నాయన వచ్చినా అంతే, వాళ్ల డివిజన్ ఆఫీసరు వచ్చినా అంతే.”

ఆశ్రిత గడప మీద నిలబడి ఈ మాటలన్నీ విన్నది. పంపిస్తుందా, పంపదా? ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అందరికీ అదొక్కటే లెక్క.

*

దివాకర్ పాత క్యాలెండర్ వెనక ఒక గీత గీసి, ఈ చివర ఒక పెట్టె, ఆ చివర ఒక పెట్టె పెట్టాడు. “ఇది గార్లదిన్నె. ఇది మడకశిర. మధ్యలో రైలు.”

“లూప్ ఏదప్పా?”

“లూప్ ఏంటికి?”

“ఎదురుబండి వస్తే యాడ నిలబడల్ల? గాల్లోనా?” ప్రసూన పెన్సిల్ లాక్కుంది. చెంబు బోర్లించి వంపు గీసింది. పక్క లైను, అది అసలు లైనులో కలిసే చోట పాయింట్లు, ముందు సిగ్నల్, దానికీ ముందు ఇంకో సిగ్నల్. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన తర్వాత ఆమె స్కేలు పట్టుకోవడం అదే. నాలుక కొంచెం బయటపెట్టి గీసింది. దివాకర్ కాగితం చూడలేదు, ఆ నాలుకనే చూశాడు.

“ఏమప్పా, సూస్తాండావా?”

“సూస్తాండా, సూస్తాండా.”

నడవాలో రెండు పాత తలుపు రెక్కలు పక్కపక్కన పరిచి, కింద ఇటుకలు పెట్టారు. దాంతో బయమ్మ మంచం వంటింటి గుమ్మం దాకా జరిగింది. “మడకశిరకు రైలొస్తే భూములు పోతాయంటే ఇన్నాళ్లూ నమ్మల్యా నేను,” అంది ఆమె. “మొదట నా మంచమే పాయె.”

పట్టాలకు ఏం వాడాలన్నది పెద్ద సమస్య అవుతుందనుకున్నారు, కాలేదు. గొడుగు ఊచలు. సన్నగా, నిటారుగా, వంచితే వంగేటట్టు ఉంటాయి. మడకశిరలో మూడేళ్లుగా వానలు లేవు. ప్రతి ఇంట్లోనూ అటక మీద ఒక గొడుగు ఎలుకలకు ఇల్లుగా పడి ఉంది. ప్రసూన సందులో నాలుగు ఇళ్లు అడిగితే పదకొండు గొడుగులు వచ్చాయి.

“వానొస్తే ఏం చేస్తారక్కా?” అని మొహమాటంగా అడిగింది ఎదురింటి వెంకటలక్ష్మమ్మను.

“వానొస్తే తడుస్తాం పిల్లా! ఇంట్లో యాడ దాక్కుంటాం? వీధిలో ఎగురుతాం. తీసుకపో.”

ఊచల మీది నల్లరంగును ఉప్పుకాగితంతో గీకి తెల్లగా చేశారు. పట్టాల కింద అడ్డకర్రలకు ఆశ్రిత బడి ముందర పడేసిన పుల్ల ఐసు పుల్లలు ఏరుకొచ్చేది. ఎవరెవరు నాకినవో ఏమో అని ప్రసూన వాటిని ఉడుకునీళ్లలో రెండుసార్లు కాచి ఎండబెట్టేది. ‘మా కోడలు ఐసుపుల్లల చారు పెట్టింది’ అని బయమ్మ వీధి వీధంతా చాటింది. పుల్లల మధ్య పోయడానికి గరుసు జల్లించారు. మధ్యలో పెన్నేరు, దాని మీద వంతెన. దివాకర్ ఏటిలో నీలంరంగు పోయబోతే బయమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఏంరా అది?”

“నీల్లు.”

“పెన్నేట్లో నీల్లు యాడ సూసినావురా నువ్వు? పిల్లకు అబద్ధాలు నేర్పాకు. ఇసుక పొయ్యి.”

ఇసుక పోశారు.

కరెంటు దగ్గర మాత్రం గొడవైంది. టేపురికార్డర్ మోటారు ఇంజను పొట్టలో పెడతామని, దానికి కరెంటు పట్టాల మీదుగానే వస్తుందని దివాకర్ చెప్పగానే ప్రసూన తలుపు రెక్కల మీదున్నదంతా తీసేయమంది.

“పిల్ల చెయ్యి పెడ్తే?”

“పన్నెండు వోల్టులేనే. ఎలిమినేటర్‌లో తగ్గిపోతాది. ఏం కాదు.” అతను రెండు పట్టాల మీదా రెండు వేళ్లు పెట్టాడు. “సూడు.”

“కాసేపు పెట్టు.”

పెట్టాడు.

“తడి చేత్తో పెట్టు.”

చెంబులో చెయ్యి ముంచి పెట్టాడు.

“మీయమ్మను పెట్టమను.”

“నన్నేంటికే!” అని బయమ్మ మంచం మీద కాళ్లు ముడుచుకుంది.

చివరికి ప్రసూనే కళ్లు మూసుకుని, మనసులో కదిరి నరసింహస్వామికి మొక్కుకుని, ఒక వేలు ఆనించింది. ఏమీ కాలేదు. ఏమీ కానందుకు కూడా కొంచెంసేపు భయపడింది.

*

ఇంజను పని పక్క సందులో ఉండే జిలాన్ బాషాది. ఆయన ట్రంకుపెట్టెలు చేస్తాడు. మడకశిర చుట్టుపక్కల ఏ పెళ్లికూతురు అత్తారింటికి పోయినా ఆయన పెట్టె తీసుకునే పోతుంది. రేకు మడత పెట్టడంలో, రివిటు కొట్టడంలో ఆయన చేతికి తిరుగులేదు. ప్రసూన ఇంజను బొమ్మ గీసి ఇచ్చింది. మూరలో సగం పొడుగు, ముందర ముక్కు, వెనక డ్రైవరు గది, కింద ఆరు చక్రాలు. చక్రానికి ఒక అంచు ఉండాలని, ఆ అంచే దాన్ని పట్టా మీది నుంచి జారిపోకుండా పట్టుకుంటుందని చెప్పింది.

“ఇంతేనా చెల్లెమ్మా? మంగళవారానికి ఇస్తా.”

మంగళవారం బాషా గుడ్డలో చుట్టి తెచ్చి, విప్పి, పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఇంజను ముదురు ఆకుపచ్చ రంగులో నిగనిగలాడుతోంది. రెండు పక్కలా ఎర్ర గులాబీలు, గులాబీల మధ్య ఒక చిలుక. పైన ఎత్తుకోవడానికి పిడి. మోటారు పెట్టడానికి వీలుగా పైకప్పు తెరుచుకుంటుంది. దానికి గొళ్లెం, గొళ్లేనికి బుల్లి తాళం, తాళానికి రెండు చెవులు. ముందు ముక్కు మీద తెల్లరంగుతో ముత్యాల్లాంటి అక్షరాలు: చి.ల.సౌ. ఆశ్రిత.

“బాషన్నా!” ప్రసూన నోరు నొక్కుకుంది. “పెండ్లికూతురికి రాసేది రాసినావే! పిల్లకు ఏడేండ్లు!”

“చెయ్యి దానంతటదే పోయిందమ్మా. ఇరవై ఏండ్ల నుంచీ పెట్టె ముందర అదే రాస్తాండా. పేరనంగానే చెయ్యి రాసేసింది.”

“తాళమేంటికన్నా?”

“నేను చేసింది ఏదీ తాళం లేకుండా అంగడి దాటదు.”

ఆశ్రిత అప్పటికే తాళంచెవిని దారానికి కట్టి మెడలో వేసుకుంది. ఇంక మాట్లాడేదేముంది?

మోటారు పెట్టి, పట్టాల మీద నిలబెట్టి, దివాకర్ స్విచ్చి తిప్పాడు. ఇంజను ఒకసారి ఉలిక్కిపడి, గుర్రుమంటూ కదిలింది. మడకశిర స్టేషన్ దాటింది. వంతెన ఎక్కింది. ఎండిన పెన్నేరు దాటింది. నడవాలో ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. బయమ్మ మంచం మీది నుంచే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. గార్లదిన్నె స్టేషన్ దగ్గర పాయింట్ల మీదకు వచ్చింది ఇంజను. వచ్చి, చిలుక పక్కకు ఒరిగి, ధబ్బున పడిపోయింది.

మళ్లీ పెట్టారు. మళ్లీ అక్కడే పడింది. నిదానంగా తోలారు, నిదానంగా పడింది. దివాకర్ పాయింట్ల ఊచలు విప్పి బిగించాడు. బాషా చక్రాలు ఊడదీసి నూనె వేశాడు. బయమ్మ దిష్టి తీసింది. నాలుగు రోజులు, ఎన్నిసార్లు తోలినా అదే చోట, అదే పక్కకు. పడినప్పుడల్లా ఆశ్రిత ఒక మాట అడిగేది. “అమ్మా, నిజం రైలు గూడా ఇట్లనే పడుతాదా?”

“పడదు,” అనేది ప్రసూన. బొమ్మ రైలే నాలుగు రోజుల్లో నలభైసార్లు పడితే, నిజం దాంట్లో పిల్లను ఎట్లా ఎక్కించేది? నాయన రావడానికి వారమే ఉంది. ‘ఈసారికి వద్దు నాయనా’ అని కార్డు రాసి, డబ్బాలో వేయకుండా బియ్యం డ్రమ్ము మీద పెట్టింది.

అయిదో రోజు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఎవరూ లేనప్పుడు ఇంజన్ని పాయింట్ల దాకా తెచ్చి నిలిపింది. నేల మీద పడుకుని, చెంప తలుపు చెక్కకు ఆనించి, చక్రాల్ని చూసింది. చిన్నప్పుడు గూడ్సు బండి ప్లాట్‌ఫారం పక్కన గంటలు గంటలు ఆగి ఉండేది. తను కూర్చుంటే అవతలి లైను మీది చక్రాలు కళ్లకు ఎదురుగా ఉండేవి. చక్రం బయటి ముఖం నల్లగా, జిడ్డుగా ఉండేది. మెరిసేది లోపల ఎక్కడో. తోమిన గిన్నె అంచులాగా లోపలివైపే తళతళలాడేది.

లోపలివైపు.

ఆమె దిగ్గున లేచింది. బాషా చక్రాలకు అంచు బయటివైపు ఉంది.

పమిట సర్దుకుంటూనే పక్క సందుకు పోయింది. “బాషన్నా, అంచు లోపల ఉండల్లన్నా! బయట పెట్టినావు నువ్వు. అందుకే నేరుగా ఉన్న లైన్లో పోతాది, లైను చీలేకాడ అంచుకు దారి దొరక్క పడిపోతాది.”

బాషా సుత్తి కింద పెట్టాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. “అంచు లోపల పెడ్తే దుమ్ము పోతాది కదమ్మా! పెట్టె మూత ఎప్పుడైనా పెట్టె బయటికే కదా కూసోవల్ల? ఇరవై ఏండ్లలో ఒక్క పెట్టెలోకి గూడా దుమ్ము పోనియ్యల్యా నేను.”

“ఇది పెట్టె కాదన్నా, ఇంజను.”

“ఆ సంగతి నాకు తెలుసు. నా చేతికి తెల్దు కదా.”

సాయంత్రానికి చక్రాలు తిరగేసి కొట్టాడు. ఇంజను పాయింట్ల మీదకు వచ్చింది. కటక్‌మని చిన్న చప్పుడు. చిలుక, గులాబీలు, తాళం, అన్నీ కలిసి లూప్ లైన్లోకి వయ్యారంగా తిరిగాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నలభైసార్లు పడిన దాన్ని నమ్మడానికి కొంచెం టైము పట్టింది. తర్వాత బయమ్మ అంది: “బడికి పోయిన మొగోళ్లకంటే మా కోడలే నయం.”

బియ్యం డ్రమ్ము మీది కార్డు ప్రసూన పొయ్యిలో పెట్టింది.

*

ఇంక నేర్పడం మిగిలింది. అన్నింటికన్నా ముందు టోకెన్.

ఒకటే లైను ఉన్న చోట రెండు బళ్లు ఎదురెదురు రాకుండా స్టేషన్ మాస్టరు ఇచ్చే గుర్తు అది. మిషన్‌లోంచి ఒక ఇనుప గుండు తీసి, తోలుసంచిలో వేసి, ఆ సంచి కట్టిన పెద్ద వెదురు కడియాన్ని డ్రైవరుకు ఇస్తారు. అది చేతిలో లేకపోతే ఎంత పెద్ద బండయినా అంగుళం కదలకూడదు. ప్రసూన తన పాత ప్లాస్టిక్ గాజుకు చిన్న గుడ్డసంచి కుట్టి, లోపల సైకిల్ బేరింగ్ గుండు వేసింది.

“ఇది లేకుంటే?” అని అడిగేది.

“కదలకూడదు,” అనేది ఆశ్రిత.

“నాయన పోదాం రా అంటే?”

“కదలకూడదు.”

“తాత అంటే?”

“ఎవరన్నా కదలకూడదు.”

మడకశిర స్టేషన్ మాస్టరు బయమ్మ. కాఫీ రానిదే టోకెన్ ఇచ్చేది కాదు. కరెంటు పోతే ఇంజను ఏటి మధ్యలో నిలబడిపోయేది, అప్పుడు అందరూ కలిసి విసనకర్రలు పట్టుకుని సిగ్నల్ కోసం కాదు, కరెంటు కోసం కూర్చునేవాళ్లు. ప్రసూనకు ఈ టోకెన్ ఎంత నచ్చిందంటే, ఇంటి పనికీ వాడటం మొదలుపెట్టింది. ఆశ్రిత ఎదురింటికి పోవాలన్నా గాజు అడిగి తీసుకుని పోవాలి, తిరిగొచ్చి ఇచ్చేయాలి. గాజు గోడకున్న మేకుకు తగిలి ఉంటే పిల్ల ఇంట్లో ఉన్నట్టు. ఏడేళ్లలో మొదటిసారి ఆమె వంటింట్లోంచి ‘ఆశ్రితా, యాడుండావే’ అని అరవకుండా అన్నం వండింది.

ఓబన్న చెప్పిన రోజుకు చెప్పిన బస్సులో దిగాడు. కాళ్లు కడుక్కుని, మజ్జిగ తాగి, నడవాలోకి వచ్చి, రైలుదారి ముందు గొంతుక్కూర్చున్నాడు. ప్రసూన గుమ్మంలోనే నిలబడి చూసింది. ముప్పై నాలుగేళ్లు పాయింట్లు తుడిచిన మనిషి. చిన్నప్పుడు ఆమె ఏం చేసినా ‘సరిగ్గా లేదు, మల్ల చెయ్’ అన్న మనిషి.

ఆయన వంతెన కింద చూశాడు. “నీల్లు పొయ్యల్యా. మంచిది.” గులాబీల్ని చూశాడు, చిలుకను చూశాడు. పాయింట్ల ఊచను బొటనవేలితో అటూ ఇటూ జరిపి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. మళ్లీ జరిపి మళ్లీ విన్నాడు. తర్వాత చెంప చెక్కకు ఆనించి, సరిగ్గా ప్రసూన పడుకున్నట్టే పడుకుని, చక్రాలు చూశాడు.

“దీన్ని ఎవరు వేసినారు?”

“నేనే నాయనా.”

“అల్లుడు కాదా?”

“నేను సాల్డరింగే మామా,” అన్నాడు దివాకర్. “ఇంజనీరు ఈమె.”

ఓబన్న లేచి కూర్చున్నాడు. మెడలోని తుండుతో ముఖం తుడుచుకున్నాడు. “సరిగ్గా ఉండాది,” అన్నాడు.

ఆయన ఉన్న రెండు రోజులూ ఆశ్రితకు పండగే. వాకిట్లో తాత గాజు పట్టుకుని నిలబడితే, ఆశ్రిత ‘కూ’ అంటూ పరుగెత్తుకొచ్చి, చేతిలోని పాత సైకిల్‌ట్యూబు చుట్టను ఆయన కాళ్ల దగ్గర పడేసి, మోచెయ్యి వంచి గాజును చేతికి తగిలించుకుని పోయేది. ఆగకుండా పోయే బండికి టోకెన్ అట్లాగే ఇస్తారు. పాతది వదలాలి, కొత్తది పట్టుకోవాలి. సిగ్నళ్లన్నీ చెప్పింది. బండి పూర్తిగా నిలబడ్డాకే దిగాలని, తలుపు దగ్గర నిలబడకూడదని, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకూడదని, ఒక్కటి తప్పకుండా చెప్పింది.

“రేపు పొద్దున బస్సుకు పోతాం,” అన్నాడు ఓబన్న రెండో రోజు సాయంత్రం.

ప్రసూన ఏరుతున్న కొర్రల్లోంచి కళ్లెత్తలేదు. “ఎండలు బాగా ఉండాయి నాయనా. పిల్లకు వడదెబ్బ తగిలితే?”

“నీల్ల సీసా పెట్టు.”

“పొద్దున ఒకసారి తుమ్మింది గూడా.”

“ఒకసారే తుమ్మింది.”

“అన్నీ నేర్చుకుంటే పంపిస్తానంటివి కదమ్మా!” ఆశ్రిత చాట ముందుకొచ్చి నిలబడింది. ప్రసూన చాట విదిలించింది.

ఓబన్న దగ్గరికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కొంచెంసేపు ఆయన కూడా కొర్రల్లో రాళ్లు ఏరాడు. “నిన్ను తొమ్మిదిలో బడి మాన్పించినా. గుర్తుండాదా?”

“ఎట్ల మరుస్తాను?”

“సాయంత్రం నువ్వు బడి నుంచి వచ్చే ప్యాసింజరు లేటయి చీకటి పడేది. అనంతపురంలో నిలబడి ఏమైతావో అని దినమూ నాకు గుండె పట్టుకుంటాండె. బండి లేటయిందని తెలుసు, అయినా పట్టుకుంటాండె. ఇంక తాళల్యాక మాన్పిస్తి.” ఒక రాయి ఏరి వాకిట్లోకి విసిరాడు. “ముప్పై నాలుగేండ్లలో ఒక్క బండిని గూడా నేను ఊరికే నిలబెట్టల్యా. నిన్నే నిలబెట్టినా.”

ప్రసూన చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాయన నోటి నుంచి ఆ మాట వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. చాట పక్కన పెట్టి, “రెండు జతల గుడ్డలు చాలా, మూడు పెట్టల్నా?” అంది.

*

పొద్దున ఆరున్నర బస్సు. బస్టాండు ఇంటికి పదడుగుల దూరం కాకపోయినా, సందు తిరిగితే కనబడుతుంది. అందరూ వచ్చారు. నీళ్ల సీసా, గ్లూకోజు, దుప్పటి, మందుల డబ్బా, ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు, ఆ ముక్కల్లో టెంక లేదని రెండుసార్లు చూసుకున్న గుర్తుగా మూటకు రెండు ముడులు.

ఓబన్న ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి చెయ్యి చాచాడు. “రా అమ్మీ.”

ఆశ్రిత కదల్లేదు. చేతులు కట్టుకుని నిలబడింది. “టోకెన్ ఏదీ?”

ప్రసూన చేతుల వైపు చూసుకుంది. గాజు ఇంట్లో మేకుకు ఉంది.

“ఇది బస్సు కదా పాపా, ఎక్కు,” అన్నాడు దివాకర్.

“ఎవరన్నా కదలకూడదు.”

“ఏమప్పా, ఎక్కుతారా లేదా?” కండక్టర్ తొంగిచూశాడు.

“టోకెన్ ఇయ్యల్యా,” అని ఆశ్రిత ఆయనకు కూడా చెప్పింది. కండక్టర్‌కు అర్థం కాలేదు. టికెట్ తానే ఇస్తానన్నాడు.

“ఒక్క నిమిషమన్నా!” అంటూ ప్రసూన అప్పటికే చెప్పులు చేత పట్టుకుని సందులోకి పరుగు తీసింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఓబన్న వంగి మనవరాలి చెవిలో రూల్ చెప్పాడు. “బండి ప్లాట్‌ఫారం మీదనే ఉండాది. ఎక్కి కూసుంటే తప్పుల్యా. కదిలితేనే టోకెన్ కావల్ల.” ఆశ్రిత ఆలోచించింది. రూల్ సరిగ్గానే ఉంది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

బస్సు కదిలింది.

“తాతా! టోకెన్! నిలపమను!” ఆశ్రిత కేకకు బస్సులో ఉన్న కోడిపుంజు కూడా అరిచింది.

సందు మలుపులో ప్రసూన కనబడింది. జుట్టు ముడి ఊడిపోయింది, పమిట నడుముకు దోపుకుంది, పైకెత్తిన చేతిలో గాజు. బస్సు బస్టాండు గేటు దగ్గర ఎద్దులబండికి దారిస్తూ నిదానంగా వంపు తిరుగుతోంది. ఆమె వచ్చి, దానికి బాగా ఎడంగా, ప్లాట్‌ఫారం మీద వాళ్ల నాయన నిలబడినట్టే నిలబడి, చెయ్యి చాచి గాజు పట్టుకుంది. అప్పుడు, ఏడేళ్లుగా ఏ బస్సులోనూ కూతురి గోరు కూడా కిటికీ దాటనివ్వని ప్రసూన, సందంతా వినబడేటట్టు అరిచింది.

“చెయ్యి బయట పెట్టవే!”

ఓబన్న మనవరాలి నడుం గట్టిగా పట్టుకున్నాడు. మోచెయ్యి వంచిన చిన్న చెయ్యి ఒకటి కిటికీలోంచి వచ్చింది. గాజు సర్రున దాంట్లోకి పోయింది. గుడ్డసంచి ఒకసారి ఊగి లోపలికి పోయింది. మరుక్షణం రెండో చెయ్యి ఒక జడ నుంచి ఎర్ర రబ్బరుబ్యాండు లాగి బయటికి విసిరింది. పాతది వదలాలి కదా.

బస్సు హిందూపురం దారి పట్టింది. కిటికీలో ఊడిన జడ ఎగురుతూ కొంచెంసేపు కనబడింది.

“ఎట్ల పరుగెత్తినావే!” బయమ్మ రొప్పుతూ వచ్చింది. “మెయిలు బండి గూడా నీ ముందర తక్కువే.”

ప్రసూన దుమ్ములోంచి రబ్బరుబ్యాండు ఏరి, దులిపి, మణికట్టుకు వేసుకుంది.

ఆ రోజు ఆమె వంట సరిగ్గా చేయలేదు. రైలుదారి ముందు కూర్చుని, గోడ గడియారం చూస్తూ, గులాబీల ఇంజన్ని చేత్తో జానెడు జానెడు తోసింది. స్విచ్చి వేయలేదు. పెన్నేటి వంతెన దగ్గరికి వచ్చేసరికి ఇంకా మెల్లగా తోసింది. అన్ని స్టేషన్ల టైములూ ఆమెకు నోటికొచ్చు. గంటకొకసారి బయమ్మ అడిగేది.

“ఇప్పుడు యాడుండారు?”

“పెనుకొండ దాటినారు.”

ఇంకో గంటకు: “ఇప్పుడో?”

“ధర్మవరంలో నీల్లు పట్టుకుంటాంటారు. అనంతపురం ఇంగా రాలేదు.”

సాయంత్రం దివాకర్ అంగడి నుంచి పరుగున వచ్చాడు. పక్కనున్న ఎస్.టి.డి. బూత్‌కు ఫోన్ వచ్చిందట. “చేరినారంట. పిల్ల మాట్లాడింది.”

“ఏమనె? ఏడ్చిందా? తిన్నదా?”

“రైలు బాగల్యాదంట. పూలు ల్యావంట, చిలక ల్యాదంట, తాళం గూడా ల్యాదంట ఇంజనుకు. వచ్చినాక బాషన్నతో చెప్పి వేయించల్లంట.”

బయమ్మ నవ్వీ నవ్వీ దగ్గింది. ప్రసూన నవ్వలేదు, ముందు పని ముగించుకుంది. పాయింట్లు మార్చి, ఇంజన్ని గార్లదిన్నె లూప్‌లోకి తోసి, ప్లాట్‌ఫారం పక్కన నిలబెట్టింది. బండి చేరింది కాబట్టి, మణికట్టు మీది ఎర్ర రబ్బరుబ్యాండు తీసి, గాజు తగిలించే గోడ మేకుకే తగిలించింది. అప్పుడు లేచి పొయ్యి వెలిగించింది. పొద్దుటి నుంచీ ఎవరూ సరిగ్గా తినలేదు.